చిన్నప్పుడు చూసినవాళ్ళు

మధ్యాహ్నం, ఖాళీగా ఉన్న కటింగ్ షాపు. కుర్చీలో నలభై దాటిన ఒకాయన, వెనక కత్తెర పట్టుకున్న పెద్దాయన.

"కటింగ్ వద్దు. మాట్లాడాలి."

"నాతోనా?"

"ఇక్కడ ఇంకెవరున్నారు?"

"అదే... ఎవరూ లేరు. చెప్పండి బాబూ, చెప్పండి. కత్తెర పక్కన పెట్టేశాను. ఫ్యాను ఆపమంటారా?"

"ఫ్యాను ఉండనివ్వండి. గుడ్డ కప్పండి."

"కటింగ్ వద్దన్నారుగా?"

"గుడ్డ ఉంటే మాట్లాడగలను. చేతులు కనపడవు. లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలా అని ఆలోచిస్తూ మాట మర్చిపోతాను."

"కప్పాను. మెడ దగ్గర వదులుగానే కట్టాను. సరేనా?"

"సరే. అద్దంలోంచి నన్ను చూడకండి."

"గోడకేసి చూస్తాను. ఊఁ, చెప్పండి."

"రేపు పొద్దున్న మీకేం పని?"

"నాకేం పని బాబూ, తలలు. తలలు తప్ప నాకేముంది?"

"రేపు పొద్దున్న నాతో ఆసుపత్రికి రావాలి."

"అయ్యో! ఒంట్లో బాగాలేదా? మొహం పీక్కుపోయిందని లోపలికి వస్తుంటేనే అనుకున్నా. ఏమైంది, గుండెనా?"

"ఒంట్లో బాగానే ఉంది. పరీక్ష ఉంది."

"రక్త పరీక్షా?"

"కాదు. మాటలే. ప్రశ్నలు అడుగుతారు. నాకు ఆటిజం ఉందో లేదో చూస్తారు."

"ఆటిజమంటే... చిన్నపిల్లలకి ఉండేది కదా? మా మనవరాలి బళ్ళో ఒకడున్నాడు..."

"వాడు పెద్దవాడవుతాడు కదా?"

"అవుతాడు. నిజమే. అవుతాడు."

"నేను అయ్యాను. నా చిన్నప్పుడు చూపించడానికి ఎవరికీ తోచలేదు, అంతే. ఎప్పుడో ఆసుపత్రిలో పేరు ఇచ్చాను. ఇన్నాళ్ళకి పిలిచారు."

"సరే పిలిచారు. మధ్యలో నేనెందుకు? నాకు తల పైనున్నది తెలుసు గానీ లోపలున్నది తెలీదే!"

"చిన్నప్పుడు చూసినవాళ్ళని ఒకళ్ళని తీసుకురమ్మంది ఫోన్లో అమ్మాయి. అమ్మ గానీ నాన్న గానీ అంది. ఇద్దరూ లేరన్నాను. పోనీ తోడబుట్టినవాళ్ళు అంది."

"మీ అక్కగారున్నారుగా?"

"రానంది."

"రానంటే? పనుందా?"

"పనేం లేదు. 'నలభై ఏళ్ళొచ్చాక ఇదేం గోల, ఇలాంటివి మన ఇంటావంటా లేవు' అంది. 'నీకున్నది మొండితనం, చిన్నప్పుడు నాలుగు తగిలిస్తే సరిపోయేది' అంది. పిల్లకి సంబంధాలు చూస్తోంది. బయట తెలిస్తే ఎవరొస్తారని ఏడ్చింది కూడా. నేను ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నాను."

"ఆవిడ బాధ ఆవిడది లెండి. కోపం పెట్టుకోకండి."

"కోపం లేదు. తోడు లేదు."

"స్నేహితులు?"

"చిన్నప్పటివాళ్ళా, ఇప్పటివాళ్ళా?"

"ఎవరైనా."

"లేరు."

"అదేంటి, పని చేసేచోట నలుగురుంటారు కదా?"

"ప్రెస్సులో మనుషులున్నారు. మందుల డబ్బాలు అచ్చేస్తాం. అచ్చుకి వెళ్ళే ముందు అక్షరాలూ అంకెలూ సరిచూడటం నా పని. అంకెల మధ్య చుక్క జరిగితే మందు పదింతలైపోతుంది. అందుకని చుక్కలన్నీ చూస్తాను. నన్ను చుక్కల్రాయుడంటారు."

"ముద్దుగానే పిలుస్తారేమో!"

"మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. నా పుట్టినరోజుకి కేకు తెచ్చారు. అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టారు. నాకు చెప్పలేదు, ఉన్నట్టుండి కొట్టారు. నేను బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకున్నాను. బయటికొచ్చేసరికి కేకు కోసేసి తినేశారు. నా ముక్క బల్ల మీద పెట్టారు. ఆ తర్వాత నన్ను దేనికీ పిలవలేదు. నేను పిలవమనలేదు. అలా అడగచ్చో లేదో నాకు తెలీదు."

"అయ్యో బాబూ."

"మీరు అయ్యో అంటే నేనేమనాలో నాకు తెలీదు. వస్తారా, రారా?"

"ఉండండి, ఉండండి. ఇంత పెద్ద మాట గుమ్మంలో నిలబెట్టి అడిగితే ఎలా? అంటే... మొత్తం మీద నేనొక్కణ్ణేనా మిగిలింది?"

"ఆలోచించాను. నేను పిల్లాడిగా ఉన్నప్పటి నుంచి ఇప్పటిదాకా ఆపకుండా చూసినవాళ్ళు ఎవరా అని. పళ్ళ డాక్టరు పోయారు. మా వీధిలో పాలావిడ నన్ను మా అక్క కొడుకు అనుకుంటోంది. మీరున్నారు. మీకు నేనంటే ఇష్టం లేదని తెలుసు. అయినా అడుగుతున్నాను."

"ఏంటి? ఎవరన్నారు ఆ మాట?"

"ఎవరూ అనలేదు. అది తర్వాత. వస్తారా?"

"నాకిష్టం లేదా! ఎక్కణ్ణుంచి పుట్టింది బాబూ ఈ... ఉండండి, గుమ్మంలోకి ఎవరో వచ్చారు."

"ఏమయ్యా, ఖాళీయేనా? గడ్డం గీయించుకోవాలి."

"రండి రండి... కాదు, రాకండి! సాయంత్రం రండి బావగారూ. మీ అల్లుడి మోకాలు ఎలా ఉంది? నడుస్తున్నాడా? నూనె రాయొద్దని చెప్పానా లేదా, డాక్టరు చెప్పినట్టు వినమనండి. మీ ఆవిడ ఊరెళ్ళి వచ్చేసిందా? ఆ, మీ మొహంలోనే తెలుస్తోంది వచ్చేసిందని. వెళ్ళండి, సాయంత్రం తీరిగ్గా మాట్లాడుకుందాం."

"కుర్చీలో ఉన్నాయన జుట్టుకి ఏం చేస్తున్నావయ్యా, ఏం లేదుగా అక్కడ?"

"మీకెందుకండీ? వెళ్ళండి, వెళ్ళండి... ఆఁ, వెళ్ళాడు. తలుపు దగ్గరికి వేశాను బాబూ. ఇంకెవరూ రారు."

"ఆయన మీకు బావగారా?"

"ఏ చుట్టరికమూ లేదు. ఆయనా నన్ను ఏదో అంటాడు, నేనూ ఏదో అంటాను. నోరు ఖాళీగా ఉంటే నాకు తోచదు. నా నోటికి తాళం లేదని మా ఆవిడ రోజూ దెప్పుతుంది."

"అవును. వింటుంటాను. వంతు కోసం బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు."

"ఏంటి అలా అన్నారు?"

"ఏం లేదు. రేపటి సంగతి చెప్పండి."

"చెప్తాను. నాకు భయంగా ఉంది బాబూ. నేను చదువుకున్నవాణ్ణి కాదు. అక్కడ పెద్ద డాక్టరు ముందు నా నోటికొచ్చింది వాగుతాను. ఆ వాగిందాన్ని పట్టుకుని మీ కాగితాల మీద పిచ్చి అని రాసేస్తే? ఉద్యోగం పోతే? ఆ పాపం ఎవరిది? మీ నాన్నగారికి పైన ఏం సమాధానం చెప్పను?"

"పిచ్చి కాదది. తల ఇంకో రకంగా పుట్టడం. అంతే."

"అయితే ఇప్పుడు తెలిసి మాత్రం ఏం లాభం? మందుందా?"

"లేదు."

"మందు లేనిదానికి పరీక్ష ఎందుకండీ? లేని పాముని పుట్టలో వెతుక్కోవడం కాదూ? హాయిగా ఇంట్లో పడుకోండి రేపు."

"పడుకోలేను. వారం నుంచి అన్నం సహించట్లేదు. ఆ ఆసుపత్రికి ముందే వెళ్ళి చూసొచ్చాను, కొత్త చోటు కదా, ఒకేసారి చూస్తే తట్టుకోలేనని. మెట్ల పక్కన లైటు కొట్టుకుంటోంది. ఎదురుచూసే గదిలో కుర్చీలన్నీ ఒకదానికొకటి అతికించి ఉన్నాయి. పక్కవాడు కాలూపితే మన కుర్చీ కూడా ఊగుతుంది. గోడవైపు చివరి కుర్చీ మంచిది. అక్కడ కాసేపు కూర్చున్నాను. ఎవరి కోసం వచ్చారని కాపలా ఆయన అడిగాడు. నా కోసమే అని చెప్పడం చేతకాలేదు. లేచి వచ్చేశాను."

"ఇంత భయం పెట్టుకుని ఎందుకు వెళ్ళడం? అదే అంటున్నాను నేను."

"ఉందంటారని భయం కాదు."

"మరి?"

"లేదంటారని."

"లేదంటే మంచిదేగా! లేదంటే నా చేతుల మీదుగా..."

"లేదంటే ఇక నేనే అన్నమాట. చప్పట్లకి పారిపోయింది నేనే. అక్కకి తలనొప్పి నేనే. ఎవరితోనూ రెండు మాటలు మాట్లాడలేనిది నేనే. కారణం ఏమీ లేదు, ఉత్తినే ఎవరికీ అక్కర్లేని మనిషిని. ఇన్నాళ్ళూ ఏదో కారణం ఉండి ఉంటుందనుకుంటూ బతికాను. రేపు అది కూడా తీసేసుకుంటే ఇంటికి ఏం పట్టుకెళ్ళను? ఇంట్లో మాత్రం ఎవరున్నారు?"

"ఉండండి బాబూ, గుడ్డ జారింది. సరిచేస్తాను."

"గోడకేసి చూస్తానన్నారు. నన్ను చూస్తున్నారు."

"చూడట్లేదు బాబూ. కంట్లో వెంట్రుకముక్క పడింది. సరే. వస్తాను."

"నిజంగానా?"

"తలుపుకి తాళం వేసి వస్తాను. ఒక్క పూట ఊరి గడ్డాలు పెరిగితే కొంపలేం మునగవు. ఏమడుగుతారో చెప్పండి, తయారవుతాను. ముందుగా చెప్పకపోతే నేను అక్కడ నీళ్ళు నములుతాను."

"నేను డాక్టరుగా అడుగుతాను. మీరు చెప్పండి. నేను ఇలాగే తయారవుతాను దేనికైనా. కూరగాయల కొట్టుకి వెళ్ళాలన్నా ముందు ఇంట్లో ఒకసారి మాట్లాడుకుంటాను, ఆయన మాటలూ నావీ."

"కూరగాయలకా!"

"ఆయన కొత్త మాట ఏదైనా అంటే కొనకుండా వచ్చేస్తాను. మొదలుపెడదామా? 'నమస్కారం. ఇలా కూర్చోండి. నీళ్ళు కావాలా?'"

"అబ్బో! గొంతు కూడా మార్చేశారే! ఆడమనిషి గొంతులా ఉంది."

"ఫోన్లో అమ్మాయిది. విన్న గొంతు వచ్చేస్తుంది నాకు. వెక్కిరిస్తున్నాననుకుంటారు. 'ఇతను మీకు ఎప్పటి నుంచి తెలుసు?'"

"పుట్టువెంట్రుకలు తీసినప్పటి నుంచి డాక్టరు గారూ. బంగారంలాంటి మనిషండీ. సిగరెట్టు ఎరగడు, మందు ఎరగడు. ఆడపిల్ల ఎదురైతే తలెత్తి చూడడు."

"ఎవరు ఎదురైనా తలెత్తి చూడను. అక్కడ చెప్పాల్సింది అదే."

"నేను మంచిగా చెబుదామని..."

"మీరు పెళ్ళిసంబంధానికి చెప్పినట్టు చెబుతున్నారు. నన్ను అక్కడ ఎవరూ చేసుకోరు. నిజం చెప్పండి. 'చిన్నప్పుడు ఎలా ఉండేవాడు?'"

"బుద్ధిమంతుడు. నెమ్మదస్తుడు. నోట్లో వేలు పెడితే కొరకడు."

"కొరికానని నాన్న చెప్పారు. మిమ్మల్నే."

"...చెప్పేశారా? నన్నెక్కడా చెప్పొద్దని ఒట్టేయించుకుని ఆయనే చెప్పేశారా!"

"పోయే ముందు చెప్పారు. బొటనవేలు అన్నారు."

"చూపుడు వేలు. ఇదిగో... సరే, చూడొద్దులెండి. మాని ఎన్నాళ్ళో అయింది."

"'చెప్పండి. అన్నీ చెప్పండి. నేను వింటున్నాను.'"

"ఏం చెప్పను డాక్టరు గారూ. వాళ్ళ నాన్న ఎవరూ లేని వేళ చూసి తీసుకొచ్చేవారు. ఇలాగే, మధ్యాహ్నాలు. తలుపు వేయించేవారు. వీధి మలుపులోనే ఏడుపు వినిపించేది. మెడ మీద వెంట్రుక పడితే వాత పెట్టినట్టు అరిచేవాడు. జుట్టు తడిపే నీళ్ళసీసా కనపడకూడదు. మిషన్ మోగిందా, తల గోడకేసి కొట్టుకునేవాడు. వాళ్ళ నాన్న కాళ్ళు పట్టుకునేవారు, మా అన్నయ్య చేతులు పట్టుకునేవాడు, నేను కత్తెర. మేక పిల్లని పట్టినట్టు పట్టేవాళ్ళం. నాకు రాత్రి అన్నం దిగేది కాదండీ."

"తర్వాత?"

"తర్వాత ఒకరోజు పట్టుకోవద్దు అన్నాను. మా అన్నయ్య నవ్వాడు. వదిలేసరికి ఈ బల్ల కిందికి దూరిపోయాడు పిల్లాడు. దూరి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఊగుతున్నాడు. నేనూ దూరాను."

"బల్ల కిందికా? మీరా?"

"అప్పుడు సన్నగా ఉండేవాణ్ణి లెండి. పక్కన కూర్చున్నాను. ఎంతసేపో కూర్చున్నాను. కత్తెర నేల మీద పెట్టాను. వాడే తీసి చూశాడు, తెరిచాడు, మూశాడు, నాకిచ్చాడు. అక్కడే కత్తిరించాను, బల్ల కిందే. ఒక చెవి వైపు మాత్రమే. మిగతాది వారం తర్వాత. అలా ఒంటిచెవి కటింగుతో తిరిగాడు పాపం. వీధిలో పిల్లలు ఏడిపించారట. వాళ్ళమ్మగారు నన్ను తిట్టారు కూడా."

"నాకు గుర్తులేదు."

"ఎలా గుర్తుంటుంది, మూరెడు లేరు మీరప్పుడు. అలా అలా, కింద నుంచి పీట మీదికి, పీట నుంచి కుర్చీలోకి. చాలా రోజులు పట్టింది. ఇవన్నీ చెప్పొచ్చా అక్కడ?"

"చెప్పాలి. అవే చెప్పాలి."

"అయితే పర్లేదు, మీకు ఉంది. ఖాయం!"

"మీరు చెప్పకూడదు ఉందని. వాళ్ళు చెప్పాలి. 'చిన్నప్పుడు స్నేహితులు ఉండేవారా?'"

"నేను చూసినంతలో లేరండీ."

"'ఇప్పుడు?'"

"ఇప్పుడు... అది మీరే చెప్పాలి బాబూ."

"లేరు. 'ఇంకో ప్రశ్న. మీరు అందరితోనూ మాట్లాడతారు. బావగారు కాని బావగారి మోకాళ్ళ గురించి మాట్లాడతారు. షాపు ముందు పడుకునే కుక్కతో కూడా మాట్లాడతారు. ఇతనితో ఎందుకు మాట్లాడరు?'"

"ఇది డాక్టరు అడిగేదేనా?"

"అడగొచ్చు."

"డాక్టరు గొంతు మీ గొంతైపోయింది బాబూ."

"'ఇతను లోపలికి రాగానే రేడియో కట్టేస్తారు. ఎవరితోనో నవ్వుతూ ఉంటే నవ్వు ఆపేస్తారు. గుడ్డ కప్పుతారు, కత్తిరిస్తారు, దులుపుతారు. అంతే. ఇతనికి మాట మొదలుపెట్టడం రాదు. ఎదుటివాళ్ళు మొదలుపెడితే ఏదో ఒకటి అనగలడు. బయట బెంచీ మీద కూర్చుని తయారవుతాడు కూడా, ఈ పెద్దాయన ఎండల గురించి అంటే నేను ఫలానా అనాలని. మీరు అనరు. కుక్కకి కూడా చెప్పేంత కబుర్లున్న మనిషికి నాతో చెప్పడానికి ఒక్కటీ లేదంటే, లోపం నాలోనే ఉందని తల దువ్వుకుని వెళ్ళిపోతాడు.'"

"ఇన్నేళ్ళుగా ఇదా మీరు అనుకుంటున్నది!"

"'వాళ్ళ నాన్న చనిపోయిన వారం కూడా ఇతను వచ్చాడు. జుట్టు పెరగలేదు. మీరు అడుగుతారని వచ్చాడు. ఎలా పోయారు, నొప్పి పడ్డారా, నువ్వు పక్కనే ఉన్నావా అని ఎవరైనా అడుగుతారని. అక్క కర్మల సంగతి అడిగింది. ప్రెస్సులో సెలవు సంగతి అడిగారు. మీరైనా అడుగుతారని కుర్చీలో కూర్చున్నాడు. మీరు కత్తెర తీశారు.'"

"తీశాను. ఉత్తి గాలి కత్తిరించాను ఆ రోజు. ఏం కత్తిరించాలో తెలీక గాలిని కత్తిరించాను. మాట ఇదిగో, ఇక్కడిదాకా వచ్చింది బాబూ. మింగేశాను. ఆయన నాకూ దగ్గరివాడే. కత్తెర జారి మీ చెవి దగ్గర గీరుకుంది."

"గీరుకుంది. కోపం వచ్చిందనుకున్నాను."

"కోపమా! మీ మీదా!"

"మరెందుకు మింగేశారు? డాక్టరు అడుగుతున్నారు."

"మీరు కాదుగా? డాక్టరేగా?"

"డాక్టరే."

"అయితే రాసుకోండి డాక్టరు గారూ. ఆ పిల్లాడు ఏడవకుండా మొదటిసారి ఈ కుర్చీ ఎక్కిన రోజు, నేను ఆపకుండా వాగుతున్నాను, సంతోషం పట్టలేక. వాడు గుడ్డ కిందనుంచి చెయ్యి తీసి, కొరికాడే, ఆ వేలే పట్టుకున్నాడు. 'మావయ్యా, నేను మాట్లాడేదాకా నువ్వు మాట్లాడకు' అన్నాడు. సరే నాన్నా అన్నాను. పసివాడికిచ్చిన మాట కదండీ, తప్పలేను కదా, ఎదురుచూస్తూనే ఉన్నాను. ఇవాళే మాట్లాడాడు."